చీకట్లో మొలిచిన కళ్ళు

కళ్ళు లేకుండా పుట్టవలసిన తోకకప్పలు చిన్నిని కళ్ళార్పకుండా చూస్తున్నాయి.

ఆమె మైక్రోస్కోపు మీంచి తల ఎత్తింది, కళ్ళు నులుముకుంది, మళ్ళీ వంగింది. అవే. పారదర్శకమైన ప్లాస్టిక్ పలకలో గుంట పక్కన గుంట, గుంటకొక తోకకప్ప, తోకకప్పకు రెండేసి నల్లటి కళ్ళు. ఇంకో రోజైతే ముద్దొచ్చే కళ్ళే అవి. ఇవాళ అవి ఆమె పనంతా తప్పంటున్నాయి.

"ఏమ్మా, ఉలుకూ పలుకూ లేదు?" అన్నాడు వెనకనుంచి సీలాయన. "ఉన్నాయా, లేవా?"

"ఉన్నాయండీ."

"ఉండకూడదు కదా?"

"ఉండకూడదు," అంది చిన్ని.

పోయినవారం ఇదే గదిలో, సీలాయన టేపుని పళ్ళతో తెంపుతుండగా వదిలేశాం. అప్పటికి కథ ఇదీ. గుడ్డులో పెరిగే పిండంలో ప్రతి కణమూ ఒక బుల్లి బ్యాటరీ. ముఖం ఇంకా రూపు కట్టకముందే కన్ను ఎక్కడ, నోరు ఎక్కడ అన్నది ఆ బ్యాటరీల వోల్టేజి గీత గీసి పెడుతుంది. చిన్ని ఆ గీతని ఒక మందుతో చెరిపేస్తుంది, వెలుగుతో తిరిగి గీస్తుంది. కప్పగుడ్లన్నిట్లోనూ ఆమె ముందే ఒక ప్రోటీన్ తయారయ్యే ఏర్పాటు చేసింది. పసుపు వెలుగు తగిలితే అది మేలుకుని కణాల వోల్టేజిని దారిలో పెడుతుంది. వెలుగు చూసిన పిండానికి కళ్ళు వస్తాయి. చీకట్లో ఉన్నదానికి రావు. అదీ ఆమె చెబుతున్నది.

ఫలితాలు మరీ నున్నగా ఉన్నాయే, వండి వార్చినవి కావు కదా అని పరిశోధన మండలికి అనుమానం వచ్చింది. తేల్చి రమ్మని వేరే ప్రయోగశాల నుంచి ఒక పెద్దాయన్ని పంపింది. ఆయన వచ్చీ రాగానే కనిపించిన ప్రతిదానికీ సంతకం పెట్టిన టేపు వేశాడు. తన టీ ఫ్లాస్కుకి కూడా వేసుకున్నాడని ఒక పుకారు. అప్పట్నుంచీ ఆయన పేరు సీలాయన.

చిన్నిది కూడా అసలు పేరు కాదు. ఇదే భవనంలో కింది అంతస్తులో పరికరాలు బాగుచేసే ఆమె బావ, అంటే అక్క భర్త, ఒకసారి వరండాలో "చిన్నీ!" అని కేక పెట్టాడు. అంతే, ఆ రోజునుంచి ప్రయోగశాల మొత్తానికి అదే ఖాయమైపోయింది.

ఇక ఆ చీకటి పలక సంగతి. ఇంక్యుబేటర్ అడుగున పసుపు దీపాల బోర్డు, వెలుగు పైకి కొట్టేలా. దాని మీద గాజు అర. అరలో ఒక పక్క వెలుగు చూసే పలక. రెండో పక్క చీకటి పలక. దాని మీద నల్ల డబ్బా బోర్లించారు, గాజు అర కింది వైపున నల్ల అట్ట అంటించారు. డబ్బా అంచుల చుట్టూ సీలాయన టేపు. ఈ పొద్దున ఆయనే భూతద్దం పెట్టి చూసుకున్నాడు. వెంట్రుకవాసి కదల్లేదు. చాకుతో కోసి డబ్బా ఎత్తాడు.

ఇదిగో, కళ్ళు.

తలుపు తోసుకుని మేడమ్ వచ్చింది. ప్రయోగశాల ఆవిడదే. గదిలోకి వచ్చేటప్పుడే మాట సగంలో ఉంటుంది ఆవిడకి.

"...అయిందా? ఏంటా మొహం? కళ్ళు లేనిది కప్పకా, నీకా?"

చిన్ని పక్కకి జరిగింది. మేడమ్ వంగి చూసింది. చాలాసేపు లేవలేదు. లేచాక హాస్యం లేదు.

"సీలు?"

"నా సీలు నా సీలే," అన్నాడు సీలాయన. "ఎవడూ ముట్టుకోలేదు. డబ్బా లోపల చీకటి. చీకట్లో కూడా కళ్ళొచ్చాయంటే వాటంతటవే వచ్చాయన్నమాట. ఇక దీపం ఎందుకు? ఇన్నాళ్ళూ ఈ అమ్మాయి వెలిగించింది దండగ." ఆయన గొంతులో ఎకసెక్కం లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. "అమ్మా, నువ్వు అబద్ధం చెప్పావని నేననను. పొరబడ్డావంటాను. మధ్యాహ్నం మండలికి ఆ ముక్కే చెబుతాను."

"అన్నిటికీ రాలేదు కదండీ," అంది మేడమ్. "కొన్నిటికి లేవు."

"కొన్నిటికి ఎప్పుడూ ఉండవు. ప్రకృతి."

చిన్ని ఇద్దరి మాటా వింటోంది, కానీ మనసు ఒక్కచోటే ఆగిపోయింది. కొన్నిటికి లేవు. ముగ్గురూ కళ్ళున్నవాటినే చూస్తున్నారు. ఉండకూడనివి ఉన్నాయన్న కంగారులో, ఉండవలసినట్టే ఉన్నవాటి మొహం ఎవరూ చూడలేదు.

"మార్కర్ ఉందా?" అంది.

"ఎందుకు?"

"ఇవ్వండి మేడమ్, చెప్తాను."

పలక మూత మీద, కళ్ళు లేని తోకకప్ప ఉన్న గుంటకి సరిగ్గా పైన, ఎర్రచుక్క పెట్టింది. ఇంకోటి వెతికింది. ఇంకో చుక్క. ఊరికే తప్పిపోయినవైతే చుక్కలు అక్కడొకటీ ఇక్కడొకటీ పడాలి. ఇవి అలా పడటం లేదు. ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చుంటున్నాయి, బస్సులో ఒకే ఊరివాళ్ళు ఒకచోట చేరినట్టు. నాలుగో చుక్కకి ఆమె చెయ్యి వేగం పెరిగింది. ఆ తర్వాత చుక్క పెట్టేముందే అది ఎక్కడ పడుతుందో ఆమెకి తెలిసిపోతోంది. వంగి చూడటం, ఉన్నదని నిర్ధారించుకోవడం, చుక్క. చూడటం, చుక్క.

"మేడమ్," అంది, మూత మీద వేలు పెట్టి. "ఇది చూడండి."

మూత మీద ఎర్రచుక్కలు ఒక దీర్ఘచతురస్రం కట్టాయి. అదైనా తిన్నగా లేదు. ఒక మూల పైకి, ఒక మూల కిందికి, వాలుగా.

"ఇదేంటే, ఎవరో చీటీ వంకరగా అంటించినట్టు..." అంది మేడమ్, అని తనే ఆగిపోయింది.

చిన్ని మూతని రెండు బొటనవేళ్ళతో అదిమిపట్టి, నీళ్ళు తొణక్కుండా పలకని తలకంటే పైకి ఎత్తింది. మెడ వెనక్కి వాల్చి కిందనుంచి చూసింది.

పలక అడుగున సీలాయన స్టిక్కర్. మందపాటి తెల్ల కాగితం, దాని మీద ఆయన సంతకం. వంకరగా.

ఆ రోజు ఆయన దాన్ని అంటిస్తుంటే ఆమె ఉండబట్టలేక అంది కూడా: "అడుగున ఎవరూ అంటించరండీ." ఆయన తలెత్తకుండా, "అందుకే అంటిస్తున్నా. మూతలు మారిపోతాయి, అంచు మీద రాస్తే తేమకి చెరిగిపోతుంది. ఇదైతే పలక పగలగొడితే తప్ప పోదు," అన్నాడు. వంకరగా పడిందని ఆమెకి చెయ్యి దురద పెట్టింది. పీకి సరిగ్గా అంటించాలనిపించింది. పెద్దాయన కదా అని ఊరుకుంది.

"సార్, ఇలా రండి. ఇక్కడ నిలబడండి. పైకి చూడండి."

సీలాయన వచ్చాడు. కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. అడుగున తన స్టిక్కర్, దాని పైన గుంటలు, ఆ పైన పారదర్శకమైన మూతలోంచి కనిపిస్తున్న ఎర్రచుక్కలు. స్టిక్కర్ ఎంత మేర ఉందో చుక్కలు అంత మేరే. ఏ మూల వాలిందో చుక్కలూ ఆ మూలే వాలాయి.

ఆయన స్టిక్కర్ మూలనుంచి చుక్కల మూల దాకా వేలితో గాలిలో గీత గీశాడు.

"నీడ," అన్నాడు చివరికి.

"నీడే సార్! వెలుగు కిందనుంచి వచ్చింది. ఎవరో పలకకి కిందనుంచి వెలుగు తగలనిచ్చారు. తగిలిన వాటికి కళ్ళొచ్చాయి. మీ స్టిక్కర్ అడ్డం పడ్డచోట..."

"...రాలేదు," అన్నాడు సీలాయన. ఆ వయసు మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ మడతలా నిలబడే మనిషి, చటుక్కున చిన్ని చేతిలోంచి పలక లాక్కున్నంత పని చేశాడు. "ఆగాగు. ఇటివ్వు. ఒకే పలక. ఒకే తల్లి గుడ్లు. అవే నీళ్ళు, అదే మందు. వెలుగొక్కటే తేడా! పక్కపక్క గుంటలే కదా ఇవి? దీనికి కన్ను, దీనికి లేదు. దీనికి ఉంది, దీనికి లేదు! అరెరే... ఇంత మంచి ప్రయోగం నువ్వూ చెయ్యలేదు, నేనూ చెప్పలేదే!"

"మీ వంకర స్టిక్కర్ చేసింది," అంది మేడమ్.

"వంకరేం కాదు," అన్నాడాయన.

మేడమ్ నవ్వేసింది. చిన్ని నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియలేదు. గంట క్రితం తన పనంతా గంగలో కలిసిందనుకుంది. ఇప్పుడు అదే పలకని కాగితం మీద అచ్చువేసి ఊరంతా పంచాలని ఉంది. మేడమ్ ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది. అందులో మెచ్చుకోలెంతో దెబ్బా అంత ఉంది.

"సార్, మరి మండలికి చెప్తారా?" అంది చిన్ని. "ఇది నిజమని?"

సీలాయన పలకని బల్ల మీద మెల్లగా దించాడు. కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. ఇస్త్రీ మడత తిరిగి వచ్చేసింది.

"వెలుగు కన్నిస్తుందని చెబుతాను. అందులో నాకు అనుమానం లేదు. కానీ సీలు వేసిన పలకకి ఎవరో వెలుగు చూపించారు. ఎవరు?"

మేడమ్ వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

"చూడమ్మా, మండలి మొదట అడిగేది అదే. ఈ గదిలో ఆ దీపం సంగతి అందరికంటే బాగా తెలిసింది నీకు. నా స్టిక్కర్ వంకరగా ఉందని చూసింది నువ్వు. నీడలో ఉన్నవాటిని ముందు పసిగట్టింది నువ్వు. ఇదంతా నువ్వే అల్లావని ఒకడంటే నా దగ్గర జవాబు లేదు."

"ఆమె చెయ్యదు," అంది మేడమ్.

"మీరంటే సరిపోదండీ. భోజనం వేళకి నాకొక పేరు కావాలి. పేరు లేకపోతే..." ఆయన మాట పూర్తి చెయ్యలేదు. చెయ్యనక్కర్లేదు కూడా. చేతివాటం ఉందన్న ముద్ర ఒక్కసారి పడితే, ఆ పరిశోధకురాలికి కప్పలు కాదు కదా, చేపలు కూడా ఎవరూ ఇవ్వరు.

చిన్ని ఇంక్యుబేటర్ ముందు నేల మీద కూర్చుంది. తలుపు తెరిచి, దీపాల బోర్డు ఆపేసి, తల లోపలికి దూర్చి గాజు అర కింది వైపు చూసింది. పైనుంచి సీళ్ళన్నీ భద్రంగా ఉండగా చీకటి పోవాలంటే ఒక్కటే దారి. ఈ నల్ల అట్ట. దీనికి సీలు లేదు. కిందనుంచి దొంగ వస్తాడని సీలాయనకి కూడా తోచలేదు.

అట్ట అక్కడే ఉంది. నాలుగు మూలలా టేపు. టార్చి వేసింది.

ఈ అట్ట అంటించింది తనే. నాలుగు ముక్కలూ గోరుతో గీరి గీరి గాజుకి అతుక్కుపోయేలా నొక్కింది. ఇప్పుడున్నవి తనవి కావు. కొత్తవి. ప్రతి ముక్క చివరా లోపలికి మడిచి, పట్టుకుని లాగడానికి వీలుగా ఒక చిన్న చెవిలా వదిలేసి ఉంది.

చిన్ని టార్చి ఇంకా దగ్గరికి పట్టింది.

ఆ చెవిని ఆమె ఎక్కడ చూడలేదు గనక? అక్కావాళ్ళ ఇంట్లో పిండి డబ్బా మూతకి. టీవీ రిమోట్ వెనక. అక్క కూతురు గువ్వ ఆడుకునే బొమ్మకారు బ్యాటరీ మూతకి. రెండేళ్ళ గువ్వ తన బుల్లి వేళ్ళతో ఆ చెవి పట్టుకుని సర్రుమని లాగి, ప్రపంచాన్ని జయించినట్టు నవ్వుతుంది. అలా ఎందుకు మడుస్తావని ఎవరడిగినా బావది ఒకటే జవాబు: "రేపు విప్పేవాడి గోళ్ళు ఏం పాపం చేశాయి?"

ఒక ముక్క చెవి పట్టుకుని లాగింది. సుతారంగా వచ్చేసింది. గోరు కూడా పెట్టనక్కర్లేకపోయింది.

"ఏమైనా దొరికిందా?" అన్నాడు సీలాయన.

చిన్ని లేచి నిలబడింది. టేపు ముక్క పిడికిట్లో ఉంది. "నేనొకసారి కిందికెళ్ళి రావాలండీ."

"ఒక్కదానివేనా?"

"కావాలంటే కాళ్ళకి మీ టేపు వెయ్యండి సార్. పారిపోను."

మేడమ్ ఆమె మొహం చూసింది. ఏం చూసిందో ఏమో, "వెళ్ళనివ్వండి," అంది.

కింది అంతస్తులో పరికరాల గది ఎప్పుడూ కాలిన సీసం వాసన వేస్తుంది. గోడ పొడుగునా మేకులకి వైరు చుట్టలు, విప్పేసిన మోటార్లు, ఎవరూ తీసుకెళ్ళని తూకం యంత్రం. బల్ల ముందు బావ. చేతిలో వైర్లు అతికించే సోల్డరింగ్ కడ్డీ, నుదుటి మీద దీపం.

"రావోయ్ మరదలా," అన్నాడు తల ఎత్తకుండా. "కప్పలేమన్నాయి? బెకబెకా, లేక..."

చిన్ని టేపు ముక్కని ఆయన ముందు బల్ల మీద పెట్టింది. మడిచిన చెవి పైకి ఉండేలా.

కడ్డీ కొసనుంచి సన్నటి పొగ తీగలా లేస్తోంది. బావ దాన్ని స్టాండులో పెట్టాడు. నుదుటి మీది దీపం ఆర్పాడు.

"ఎక్కడ దొరికింది?"

"ఎక్కడ పెట్టావో అక్కడే."

"దీపాల బోర్డు వైరు చూడమని మీ మేడమ్ పిలిచినప్పుడు ఏదో..."

"అబద్ధం రాదు బావా నీకు. ఎందుకీ ప్రయాస?" ఆమె బల్ల అంచు పట్టుకుంది. "పైన ఒక పెద్దాయన పేరు కోసం కూర్చున్నాడు. నీ పేరు చెప్పకపోతే నా పేరు రాస్తాడు. ఎవరు చేయించారు? ఎవరైనా అడిగారా? నామీద కోపమా?"

"కోపం నీమీద కాదు."

"మరి?"

"నీ దీపం మీద."

"దీపం ఏం చేసింది నిన్ను? మొదటి బోర్డు నువ్వే కదా చేసిచ్చావు? ఆదివారమంతా కూర్చుని?"

"చేశాను. అప్పుడు నాకూ ఆశ ఉండేది."

"ఎప్పుడు ఊడదీశావు?"

"పలకలు పెట్టిన రోజే. మర్నాడు వైరు బిగించే వంకతో వచ్చి మళ్ళీ అంటించేశా. కన్ను ఎక్కడ రావాలన్నది ఆ మొదటి రోజే తేలిపోతుందిగా."

"అది నీకెలా తెలుసు?"

"భోజనాల దగ్గర నువ్వు చెప్పేవన్నీ మీ అక్క ఒక్కతే వింటుందనుకున్నావా?" ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "చీకటి పలకలో కూడా కళ్ళొస్తే నీ దీపం వట్టిదని తేలుతుంది. అంతవరకే ఆలోచించాను. ఆ స్టిక్కర్ సంగతి నాకు తెలీదు. అడుగున ఎవరంటిస్తారు?"

"స్టిక్కర్ సంగతి నీకెవరు చెప్పారు? నేనింకా చెప్పలేదే!"

"మీ మేడమ్ నవ్వు రెండంతస్తులకి వినపడుతుంది. వరండాలో అప్పుడే కథ మొదలైపోయింది." బావ కళ్ళు తుడుచుకున్నాడు, పొగ వల్లనన్నట్టు. "నిజంగానే వచ్చాయట కదా? పక్కపక్క గుంటల్లో? దీనికుంది, దీనికి లేదు అని?"

"నిజంగానే బావా," అంది చిన్ని. ఇంత కోపంలోనూ ఆ మాట గర్వంగానే వచ్చింది.

"అయితే విను," అన్నాడు బావ. స్టూలు ఆమె వైపు తిప్పాడు. ఇక ఆగలేదు.

"చేసింది నేనే. నువ్వు ఓడిపోవాలనే చేశాను. గువ్వ పుట్టినప్పుడు ఒక కన్ను లోపలే ఉండిపోయిందని నీకు తెలుసు. ఇక అది పెరగదని డాక్టరు చెప్పింది కూడా తెలుసు. ఆ కంటిగూట్లో చిన్న గోళీ లాంటిది పెట్టి, పాప పెరిగేకొద్దీ కాస్త కాస్త పెద్దది మారుస్తూ పోవాలట. అలా చేస్తేనే ఎముక రెండువైపులా సమంగా పెరుగుతుందట. ఆలస్యమైతే ముఖం ఒక పక్క కుంగిపోతుందట. చూపు రాదు, కానీ ముఖం నిలబడుతుంది. అది నీకు తెలీదు, ఎందుకంటే మీ అక్క నీకు చెప్పలేదు. నాతో ఒట్టు వేయించుకుంది. డాక్టరు పిలిచినప్పుడల్లా ఒకటే మాట. చెల్లి దీపం తయారవనీ. కన్నే వచ్చేదానికి గాజుముక్క ఎందుకు పెట్టిస్తానంటుంది. నేను చెబితే తండ్రివై ఉండి ఆశ లేదా అంటుంది. డాక్టరు చెబితే ఆయనకేం తెలుసంటుంది. కన్నొస్తుందన్న మాట మొదట అన్నది నువ్వే చిన్నీ. మొదటి కప్పకి కన్నొచ్చిన రోజు మా ఇంటికి గెంతుకుంటూ వచ్చావు. గువ్వని ఎత్తుకుని గిరగిరా తిప్పి, 'ఏదో ఒకరోజు నీక్కూడానే' అన్నావు. సరదాకే అన్నావు. మీ అక్క దాన్ని కొంగున ముడేసుకుంది. నీ మాట తప్ప ఇంకెవరి మాటా దానికెక్కదు. నువ్వే ఓడిపోతే అప్పుడైనా ఆస్పత్రికి కదులుతుందనుకున్నాను. నిన్ను దొంగంటారని నాకు తట్టలేదు, నీ మీదొట్టు. ఇప్పుడు నువ్వు గెలిచావు. నాకు సంతోషంగానే ఉంది, నమ్ము. ఆ బోర్డు నేను చేసిందే కదా. పైకెళ్ళి ఆ పెద్దాయనకి నా పేరు చెప్పు. నేనే వచ్చి చెబుతాను, పద. అది తేలికే. కానీ వరండాలో కథ ఎవరి ఫోన్లోంచో మీ అక్కకి కూడా చేరిపోయింది. ఇందాకే ఫోన్ చేసింది. ఇవాళ కూడా డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు. అది మానేసి, గువ్వని చంకనేసుకుని నీ దీపం చూడ్డానికి బయల్దేరింది. దార్లో ఉంది. కప్పగుడ్డుకి కన్నిచ్చిన దీపం పుట్టేసిన గువ్వకి ఎప్పటికీ ఇవ్వలేదని దానికి చెప్పాల్సింది నువ్వే. అది చెప్పే ధైర్యం లేకే నేను దొంగనయ్యాను."